ముక్కు మూసుకోకండి... ఉద్యోగం అక్కడే ఉంది!

మురుగునీటి శుద్ధి కేంద్రం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కంపే. ఆ కంపును తగ్గించడం అచ్చమైన ఇంజినీరింగ్ పని. అందులో కెమిస్ట్రీ ఉంది, మైక్రోబయాలజీ ఉంది, పంపులు, సెన్సర్లు, కోడింగ్ కూడా ఉన్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంత విద్యార్థులు ఈ రంగం వైపు ఎందుకు చూడాలో, ఎలా సిద్ధం కావాలో తెలుసుకోండి.

సివిల్, కెమికల్, బయోటెక్నాలజీ చదివేవాళ్లను ‘తర్వాత ఏంటి?’ అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు ‘ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తా’ అనే. తప్పేం లేదు. కానీ మన బ్రాంచికి నేరుగా పని ఉన్న రంగం మన ఊరి చివరే ఉంటే, ఒకసారి చూసి నిర్ణయించుకోవడం మంచిది కదా!

2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్‌లో 2.61 లక్షల మంది, ఆదిలాబాద్‌లో 1.17 లక్షల మంది ఉన్నారు. 2015లో మొదలైన అమృత్ పథకానికి మన రాష్ట్రం నుంచి ఎంపికైన పట్టణాల్లో ఈ రెండూ ఉన్నాయి, రామగుండం కూడా ఉంది. 2021 అక్టోబర్ 1న మొదలైన అమృత్ 2.0, స్వచ్ఛభారత్ మిషన్ అర్బన్ 2.0 రెండూ మురుగునీటి శుద్ధికి నిధులిస్తున్నాయి. ఇక హైదరాబాద్‌లో 31 కొత్త ఎస్టీపీలను మొత్తం 1,259.5 ఎంఎల్‌డీ సామర్థ్యంతో తలపెట్టారు. ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. అంబర్‌పేటలోని పాత ఎస్టీపీ ఒక్కటే 339 ఎంఎల్‌డీ.

ప్లాంటు కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. ప్లాంటుకు స్థలం చూస్తున్నారంటే చాలు, చుట్టుపక్కల కాలనీల వాళ్లు ‘మా దగ్గర వద్దు’ అంటారు. వాళ్ల భయం నీటి గురించి కాదు, వాసన గురించి. ఆ భయంతో ప్లాంటు ఆగిపోతే మురుగు ఎక్కడికి పోతుంది? కరీంనగర్‌లో మానేరుకు, అక్కడి నుంచి గోదావరికి. అంటే వాసనను అదుపు చేయగలిగిన ఇంజినీర్ ఒక ప్లాంటును బతికిస్తాడు, ఒక నదినీ కాపాడతాడు. ఈ రంగంలో మీ విలువ అక్కడే ఉంది.

అసలు కంపు ఎక్కడ పుడుతుంది?

నీటిని శుభ్రం చేస్తే మురికి మాయమైపోదు. అది స్లడ్జ్ రూపంలో, అంటే చిక్కటి బురదగా అడుగుకు చేరుతుంది. ప్లాంటులో ఎక్కువ వాసన వచ్చేది ఈ స్లడ్జ్ నుంచి, ప్లాంటులోకి మురుగు వచ్చే మొదటి గది నుంచి.

బురదలో ఆక్సిజన్ అయిపోగానే ఒక రకం బ్యాక్టీరియా రంగంలోకి దిగుతుంది. అది నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిదే. ప్రొటీన్లు విరిగితే అమ్మోనియా, మెర్కాప్టాన్లు వస్తాయి. మెర్కాప్టాన్లు ఎంత ఘాటంటే, వంటగ్యాస్ లీకైతే మనకు తెలియాలని సిలిండర్‌లో కావాలని కలిపేది ఆ కుటుంబానికి చెందిన రసాయనాన్నే.

ఇక్కడ రెండు విషయాలు బాగా గుర్తుపెట్టుకోండి. ఒకటి, బురద ఎంతసేపు కదలకుండా నిల్వ ఉంటే అంత కంపు. రెండోది, పీహెచ్. నీటి పీహెచ్ 7 దగ్గర సల్ఫైడ్‌లో సుమారు సగం వాయువుగా మారి గాల్లోకి పోయే రూపంలో ఉంటుంది. పీహెచ్ 6కు పడితే అది దాదాపు 90 శాతం అవుతుంది. 8కి పెరిగితే 10 శాతానికి తగ్గుతుంది. ఒక్క పాయింట్ తేడాతో ఇంత మార్పు! ఇంటర్‌లో విసుగ్గా చదివిన ‘అయానిక్ ఈక్విలిబ్రియం’ పాఠం నిజంగా పనికొచ్చే చోటు ఇదే.

కరీంనగర్ ఎండ, ఆదిలాబాద్ చలి

పుస్తకాల్లో ఉండే ఉదాహరణలు ఎక్కువగా చల్లటి దేశాలవి. మన దగ్గర లెక్క వేరు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే బ్యాక్టీరియా పని వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్లు ఉజ్జాయింపుగా లెక్కేస్తారు. పైగా వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. మే నెలలో కరీంనగర్ ఎండకు బురద ఎంత త్వరగా కుళ్లుతుందో ఊహించుకోండి.

మరి చలికాలంలో హాయేనా? కాదు. రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతల వార్తలు ఏటా ఆదిలాబాద్ వైపు నుంచే వస్తుంటాయి. అలాంటి రాత్రుల్లో నేలకు ఆనుకుని ఉన్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి మూత వేసినట్టు ఉంటుంది. దాంతో తెల్లవారుజామున వాసన పైకి పోకుండా, పొగమంచులాగే నేలబారుగా కాలనీల్లోకి పాకుతుంది. తయారయ్యే వాయువు తక్కువైనా ముక్కుకు తగిలేది ఎక్కువ.

దీనికి పరిష్కారం ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండానే దొరుకుతుంది. బురదను కదిలించే పనులు, అంటే ట్యాంకర్లు ఖాళీ చేయడం, డ్రైయింగ్ బెడ్ల నుంచి ఎండిన బురద ఎత్తడం లాంటివి తెల్లవారుజామున కాకుండా ఎండెక్కి గాలి పైకి లేచే మధ్యాహ్నం పెట్టుకుంటే చాలు, ఫిర్యాదులు తగ్గుతాయి. ఇలా వాతావరణం చూసి షిఫ్టు వేయగలిగిన ఇంజినీర్‌కు ప్లాంటులో మంచి పేరొస్తుంది.

సెంటు కొడితే సరిపోదు

కొన్నిచోట్ల వాసన రాగానే సువాసన ద్రవాలు చల్లుతారు. దాంతో వాయువు ఏమీ తగ్గదు, కంపుకు మల్లెపూల వాసన తోడవుతుంది, అంతే. నిజంగా తగ్గించే పద్ధతులను ఈ వరుసలో గుర్తుపెట్టుకోండి.

1. పుట్టకుండా చూడటం: చిక్కబరిచే ట్యాంకులో బురదను రోజుల తరబడి ఉంచకుండా ఎప్పటికప్పుడు తీసేయాలి. గాలి కొట్టే బ్లోయర్లు, డిఫ్యూజర్లు సరిగా పనిచేయాలి. సగం సమస్య ఇక్కడే తీరిపోతుంది.

2. నీటిలోనే కట్టేయడం: ఐరన్ లవణాలు కలిపితే సల్ఫైడ్ నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా మారి అడుగుకు చేరుతుంది. ఫెర్రస్ రూపంలో అయితే కిలో సల్ఫైడ్‌కు లెక్క ప్రకారం 1.75 కిలోల ఐరన్ కావాలి, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఇంకో దారి నైట్రేట్. అది దొరికినంతసేపు బ్యాక్టీరియా సల్ఫేట్ జోలికి పోదు.

3. మూసి, గాలిని శుద్ధి చేయడం: ట్యాంకులకు మూతలు వేసి, లోపలి గాలిని ఫ్యాన్‌తో లాగి ఫిల్టర్‌లోకి పంపుతారు. రసాయనాలతో కడిగే స్క్రబ్బర్లు, యాక్టివేటెడ్ కార్బన్, బయోఫిల్టర్... ఇలా చాలా రకాలున్నాయి. చిన్న పట్టణాలకు బయోఫిల్టర్ బాగా నప్పుతుంది. కంపోస్టు, చెక్క ముక్కలు కలిపిన పరుపులోంచి గాలి వెళ్తుంటే, దాంట్లోని సూక్ష్మజీవులే కంపు వాయువులను తినేస్తాయి. పరుపులో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి. మన ఎండలకు అది ఆరిపోతే ఫిల్టర్ చచ్చినట్టే. కాబట్టి లోపలికి పంపే గాలిని ముందే తడిపి పంపాలి.

4. బురదను స్థిరపరచడం: గాలి తగలని డైజెస్టర్‌లో కొన్ని వారాలు ఉంచితే కుళ్లే పదార్థం చాలావరకు బయోగ్యాస్‌గా మారిపోతుంది. మిగిలినదానికి కంపు తక్కువ. వచ్చిన గ్యాస్‌తో కరెంటు కూడా తీయొచ్చు.

సున్నం చెప్పే పాఠం

చిన్న ప్లాంట్లలో చవకైన మార్గం సున్నం. బురదలో సున్నం కలిపి పీహెచ్‌ను 12కు పెంచి కనీసం రెండు గంటలు నిలబెట్టాలని అమెరికా నిబంధనలు చెబుతాయి. అప్పుడు బ్యాక్టీరియా పని ఆగిపోతుంది, సల్ఫైడ్ వాయువుగా మారలేక నీటిలోనే ఉండిపోతుంది. కోడిగుడ్డు కంపు పోతుంది.

కానీ అదే పీహెచ్ దగ్గర అమ్మోనియం అంతా అమ్మోనియా వాయువుగా మారి కళ్లు మండిస్తుంది! ఒక వాసన పోయి ఇంకో వాసన వచ్చింది. పైగా కొన్ని రోజులకు పీహెచ్ మళ్లీ పడిపోతే కుళ్లడం మొదటికొస్తుంది. సున్నం బ్యాక్టీరియాను ఆపిందే తప్ప దాని మేతను తీసేయలేదు కదా.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని బ్లూ ప్లెయిన్స్ ప్లాంటు చాలా ఏళ్లు ఈ సున్నం పద్ధతినే వాడింది. 2015లో పద్ధతి మార్చింది. బురదను ముందు అధిక పీడనంలో ఆవిరితో ఉడికించి, తర్వాత డైజెస్టర్‌లోకి పంపుతోంది. కంపు బాగా తగ్గింది, బురద పరిమాణమూ తగ్గింది. ఇప్పుడు ఆ మిగులును ‘బ్లూమ్’ పేరుతో తోటలకు ఎరువుగా అమ్ముతోంది. వాసన తగ్గితేనే దాన్ని కొనేవాళ్లు వస్తారు. ఈ మాట మన పట్టణాలకూ అంతే వర్తిస్తుంది.

మన దగ్గరి ఉదాహరణలు

మన చిన్న పట్టణాల్లో చాలా ఇళ్లకు ఇప్పటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. దాంట్లోని మలబురదను ట్యాంకర్లతో తోడి ప్రత్యేక ప్లాంట్లకు పంపాలి. వాటినే ఎఫ్‌ఎస్‌టీపీలు అంటారు. పాత కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్లలో రోజుకు 18 కిలోలీటర్లు, అంటే 18 వేల లీటర్ల సామర్థ్యంతో ఇలాంటి ప్లాంటు వచ్చింది. వరంగల్‌లో మలబురదను ఆరబెట్టి, ఆక్సిజన్ దాదాపు లేకుండా వేడిచేసి బొగ్గులాంటి బయోచార్‌గా మార్చే పైరోలిసిస్ ప్లాంటు పెట్టారు.

ఎఫ్‌ఎస్‌టీపీలో కంపు ఎక్కువగా లేచేది ట్యాంకర్ ఖాళీ అయ్యే ఆ కొన్ని నిమిషాల్లోనే. ఏళ్ల తరబడి మూసి ఉన్న బురద పైనుంచి ధారగా పడితే, దాంట్లో కరిగి ఉన్న వాయువంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. పైపు కొనను తొట్టిలోని ద్రవ మట్టం కిందికి దించి, తొట్టికి మూత వేసి, మూత కింది గాలిని చిన్న బయోఫిల్టర్‌కు కలిపితే తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

ఆదిలాబాద్ వాళ్లకు ఇంకో మంచి ఉదాహరణ నాగ్‌పుర్. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కొన్ని గంటల ప్రయాణం. అక్కడి భాండేవాడి దగ్గర 130 ఎంఎల్‌డీ మురుగునీటిని శుద్ధి చేసి కోరాడి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చే ప్రాజెక్టు ఉంది. 1958లో ఏర్పడిన పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ ‘నీరి’ ప్రధాన కేంద్రం కూడా నాగ్‌పుర్‌లోనే ఉంది. ఇంటర్న్‌షిప్ కోసం ప్రయత్నించేటప్పుడు హైదరాబాద్ ఒక్కటే కాకుండా అటు కూడా చూడండి.

ఇది ప్రాణాలతో ముడిపడిన పని

వాసన అంటే ముక్కుకు ఇబ్బంది మాత్రమే అనుకోవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు. గుంతల్లో, మ్యాన్‌హోళ్లలో, ట్యాంకుల అడుగున చేరుతుంది. చాలా తక్కువ మోతాదులోనే మన ముక్కు దాన్ని పసిగడుతుంది. కానీ 100 పీపీఎం దగ్గర కొన్ని నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారిపోతుంది. ‘వాసన పోయింది, ఇక దిగొచ్చు’ అనుకున్న క్షణమే అత్యంత ప్రమాదకరం. 700 పీపీఎం దాటితే ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి పడిపోవచ్చు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు, ఆ వెనకే మరొకరు చనిపోయిన వార్తలు మీరు చదివే ఉంటారు.

మనుషులను రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాల్వల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో రూ.10 లక్షల నుంచి రూ.30 లక్షలకు పెంచింది. రేపు మీరు షిఫ్ట్ ఇంజినీర్ అయితే ‘దిగు’ అనో ‘దిగొద్దు’ అనో చెప్పే బాధ్యత మీదే. ముందు గ్యాస్ డిటెక్టర్, ఆ తర్వాతే మాట. డిటెక్టర్ లేకపోతే పని ఆపేయండి. పై అధికారి తొందరపెట్టినా సరే.

ఉద్యోగాలు ఎక్కడెక్కడ?

ప్రభుత్వ ఉద్యోగాలు: పురపాలక శాఖ, ప్రజారోగ్య విభాగాల్లో ఏఈఈ, ఏఈ పోస్టులు ఉంటాయి. 2022లో 1,540 ఏఈఈ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ నోటిఫికేషన్‌లో ఏఈఈ వేతన స్కేలు రూ.54,220 - 1,33,630. హైదరాబాద్ జలమండలి, కాలుష్య నియంత్రణ మండలి ఇంకో రెండు దారులు.

ప్రైవేటు సంస్థలు: ప్లాంట్లను ఎక్కువగా కట్టేది, కొన్నేళ్లు నడిపేది కాంట్రాక్టు కంపెనీలే. వీఏ టెక్ వాబాగ్, థర్మాక్స్, అయాన్ ఎక్స్ఛేంజ్ లాంటివి ఈ రంగంలో పేరున్నవి. ప్రాసెస్ ఇంజినీర్, షిఫ్ట్ ఇంజినీర్, ల్యాబ్ కెమిస్ట్, ఆటోమేషన్ ఇంజినీర్... ఇలా పోస్టులుంటాయి. బీఎస్సీ కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లు కెమిస్టుగా మొదలుపెట్టొచ్చు. డిప్లొమా, ఐటీఐ వాళ్లకు ఆపరేటర్, ఎలక్ట్రికల్, మెకానికల్ పనులు దొరుకుతాయి.

ఇతర చోట్లు: పెద్ద ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్ సముదాయాలు, పరిశ్రమల టౌన్‌షిప్‌లకు సొంత ఎస్టీపీలుంటాయి. జీతం మొదట్లో తక్కువగా ఉండొచ్చు. కానీ రెండేళ్లు ఒక ప్లాంటును చేతులారా నడిపిన అనుభవం తర్వాతి ఇంటర్వ్యూలో మీ తరఫున మాట్లాడుతుంది.

ఉన్నత చదువు: గేట్‌లో ‘ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్’ పేపర్‌ను 2021 నుంచి ప్రవేశపెట్టారు. ఎంటెక్, పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు ఇది నేరుగా ఉపయోగపడుతుంది.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి

• చదవండి: కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ తరఫున సీపీహెచ్‌ఈఈఓ 2013లో తెచ్చిన సీవరేజ్ మాన్యువల్, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో వాసన కాలుష్యంపై ఇచ్చిన మార్గదర్శకాలు. రెండూ ఉచితంగానే దొరుకుతాయి. మొత్తం అక్కర్లేదు, స్లడ్జ్ అధ్యాయంతో మొదలుపెట్టండి.

• కోర్సు చేయండి: మురుగునీటి శుద్ధిపై ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సులున్నాయి. క్రెడిట్లు మీ కాలేజీలో చెల్లుతాయో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

• ప్లాంటు చూడండి: పది మంది కలిసి హెచ్‌ఓడీ లేఖతో మున్సిపల్ కమిషనర్‌ను అడగండి. వెళ్లినప్పుడు ఫొటోల మీద కాకుండా లాగ్‌బుక్ మీద దృష్టి పెట్టండి. పీహెచ్, కరిగిన ఆక్సిజన్, బురద తీసిన సమయాలు, ఫిర్యాదులు వచ్చిన తేదీలు... వీటిని పక్కపక్కన పెడితే అదే ఒక మినీ ప్రాజెక్టు.

• మన సరుకుతో ప్రాజెక్టు చేయండి: బయోఫిల్టర్ పరుపుకు ఏది వాడొచ్చో ప్రయోగం చేసి చూడండి. ఆదిలాబాద్‌లో పొలాల్లో తగలబెట్టే పత్తి కట్టె ఉంది, కరీంనగర్ రైస్ మిల్లుల దగ్గర ఊక ఉంది. రెండు పీవీసీ పైపుల్లో రెండు రకాల పరుపులు వేసి, అమ్మోనియా వాసనున్న కంపోస్టు గాలిని పంపి, ఏది ఎన్ని రోజులు పనిచేస్తుందో, ఎంత త్వరగా ఆరిపోతుందో కొలవండి. హైడ్రోజన్ సల్ఫైడ్‌తో మాత్రం సొంతంగా ప్రయోగాలు వద్దు.

• సెన్సర్లు నేర్చుకోండి: ఈసీఈ, సీఎస్‌ఈ వాళ్లకూ ఇక్కడ చోటుంది. ఓఆర్‌పీ రీడింగ్ మైనస్ 50 మిల్లీవోల్టుల కంటే కిందికి జారుతుంటే సల్ఫైడ్ పుట్టే పరిస్థితి వస్తోందని అర్థం. వాసన రాకముందే ఆపరేటర్ ఫోన్‌కు అలర్ట్ పంపే చిన్న సిస్టం ఈఎస్‌పీ32 బోర్డుతో చేయొచ్చు. ఒక్క హెచ్చరిక, ఆన్‌లైన్‌లో దొరికే చవక గ్యాస్ సెన్సర్లు ఇతర వాయువులకూ స్పందిస్తాయి. ట్రెండ్ చూడటానికి సరే గానీ మనిషి ప్రాణాన్ని వాటి మీద పెట్టొద్దు.

ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నలు

ప్రశ్న: ఒక శాతం ఘనపదార్థం ఉన్న 100 ఘనపు మీటర్ల బురదను 4 శాతానికి చిక్కబరిస్తే ఎంత మిగులుతుంది? 20 శాతానికి అయితే?
జవాబు: 25 ఘనపు మీటర్లు, 5 ఘనపు మీటర్లు. ఘనపదార్థం రెండు సందర్భాల్లోనూ సుమారు ఒక టన్నే. పోయింది నీరు.

ప్రశ్న: గంటకు 3,600 ఘనపు మీటర్ల గాలి వస్తోంది. పరుపులో 45 సెకన్లు ఉండాలి. బయోఫిల్టర్ ఎంత పెద్దది కావాలి?
జవాబు: సెకనుకు ఒక ఘనపు మీటరు గాలి. కాబట్టి 45 ఘనపు మీటర్లు. పరుపు ఎత్తు ఒక మీటరైతే 45 చదరపు మీటర్ల స్థలం.

ప్రశ్న: కాంక్రీటు మ్యాన్‌హోల్ పైభాగం ఎందుకు తినేసినట్టు అవుతుంది?
జవాబు: తేమగా ఉన్న పైకప్పు మీద ఒక రకం బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. నీటిలో మునిగి ఉన్న భాగానికి ఆ బాధ తక్కువ.

ప్రశ్న: నిన్నటిదాకా బాగున్న ప్లాంటులో ఇవాళ కంపు పెరిగింది. ముందు ఏం చూస్తారు?
జవాబు: బ్లోయర్లు తిరుగుతున్నాయా, బురద ఎప్పుడు తీశారు, వచ్చే మురుగు పీహెచ్ మారిందా... ఈ మూడూ చూశాకే రసాయనాల మాట. దీనికి ‘పర్‌ఫ్యూమ్ కొడతాం’ అని మాత్రం చెప్పకండి!

బంధువుల ముందు ‘ఎస్టీపీలో పనిచేస్తున్నా’ అని చెప్పడానికి మొదట్లో కాస్త మొహమాటంగా ఉండొచ్చు. ‘ఇంత చదివి మురికి కాల్వ పనా?’ అనేవాళ్లూ ఉంటారు. మీరు పనిచేసే ప్లాంటు పక్క వీధిలో సాయంత్రం పూట జనం కిటికీలు తెరిచి కూర్చుంటే, అదే వాళ్లకు జవాబు. ముందైతే ఈ వారం మీ పట్టణంలో మురుగు ఎక్కడికి పోతోందో, సెప్టిక్ ట్యాంకర్ ఎక్కడ ఖాళీ అవుతోందో కనుక్కోండి. మీ మొదటి ప్రాజెక్టు అక్కడే దొరకొచ్చు.